నెల తప్పకముందే మొదలయ్యే రక్షణ

బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే నాళం గర్భం నిలిచిన 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. నెల తప్పిందన్న అనుమానం వచ్చి, పరీక్ష చేసుకుని, ఇంట్లో చెప్పి, ఆసుపత్రికి బయలుదేరేలోపే చాలామందిలో ఆ పని ముగిసిపోతుంది. నాళం సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్నులో చీలికతో పుట్టవచ్చు, పుర్రె ఏర్పడకుండానే పుట్టి గంటల్లో చనిపోనూవచ్చు. ఈ లోపాల్లో చాలావాటిని ఆపగలిగేది రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఎంతో చవకైన మాత్ర. కాకపోతే గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. మూడో నెలలో డాక్టరు రాసిచ్చే మాత్ర రక్తహీనతకు పనికొస్తుంది కానీ ఆ నాళానికి మాత్రం అప్పటికే ఆలస్యమైపోతుంది. కాబట్టి ఈ మాట చెప్పాల్సింది గర్భిణికి కాదు, బిడ్డను కనాలనుకుంటున్న కొత్త కోడలికి, ఆమె భర్తకి.

తల్లీబిడ్డల సంరక్షణ చరిత్రను ఎక్కడ తెరిచినా నాకు ఎదురైన సంగతి ఇదే. మందు ఎప్పుడో దొరికింది. అది అవసరమైన మనిషి చెవిన వేళకు పడటం దగ్గరే బండి ఆగుతోంది.

బొంబాయి మిల్లుల నుంచి భీమవరం దాకా

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. ఆమె వాళ్ల ఇళ్లు చూశారు, వాళ్లేం తింటున్నారో రాసుకున్నారు. పేద స్త్రీల తిండిలో ఏదో తక్కువవుతోందని గ్రహించారు. చివరికి ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే ఆ రక్తహీనత తగ్గుతోందని తేల్చి 1931లో ప్రకటించారు. అందులో పనిచేస్తున్నదేమిటో ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని కొన్నేళ్లపాటు ‘విల్స్ ఫ్యాక్టర్’ అనే పిలిచారు. 1941లో అమెరికా పరిశోధకులు పాలకూర నుంచి దాన్ని విడదీసి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

పాలకూర నుంచి తీసేది చిటికెడు కూడా ఉండదు. లోకానికంతటికీ మాత్రలు కావాలంటే దాన్ని ప్రయోగశాలలో తయారుచేయాలి. ఆ పని 1945లో లెడర్లీ ప్రయోగశాలలో సాధించిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లినవారు. ఆయన తోబుట్టువును బలి తీసుకున్న స్ప్రూ అనే జబ్బులో వచ్చే రక్తహీనతకు కూడా ఇదే ఫోలిక్ ఆమ్లం మందైంది. ఈ రోజు ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్‌ఎం గర్భిణి చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మాత్ర ఇచ్చేటప్పుడు సుబ్బారావు గారి పేరు కూడా ఒక్క ముక్క చెబితే బాగుంటుందని నా కోరిక. తెలిసినవాళ్లు చేసిన వంట మీద ఉండే నమ్మకం వేరు.

వెన్ను లోపాలకూ ఈ విటమిన్‌కూ ఉన్న సంబంధం ఖాయంగా తేలడానికి ఇంకో 46 ఏళ్లు పట్టింది. 7 దేశాల్లోని 33 కేంద్రాల్లో జరిగిన బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి పరీక్ష ఫలితం 1991లో వచ్చింది. అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డను కన్న తల్లులకు గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఎక్కువ మోతాదులో ఇస్తే, మళ్లీ ఆ లోపం వచ్చే ముప్పు 72 శాతం తగ్గింది. 1998 నుంచి అమెరికాలో పిండిలోనే దీన్ని కలిపి అమ్ముతున్నారు.

ఉప్పు డబ్బా వెనుక శ్రీకాకుళం వైద్యుడు

1921లో శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నంలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామి, 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో ఒక పరీక్ష మొదలుపెట్టారు. అక్కడ ఇంటింటా గొంతు కింద కాయలా వాచే గాయిటర్ ఉండేది. లోయను మూడు ప్రాంతాలుగా విడగొట్టి రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు సరఫరా చేయించారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్నవాళ్లలో గాయిటర్ బాగా తగ్గింది. మూడో ప్రాంతంలో ఎప్పటిలాగే ఉంది. ఆ తర్వాత వాళ్లకూ అదే ఉప్పు ఇచ్చారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

గొంతు వాపు కంటికి కనిపిస్తుంది. కనిపించని నష్టం కడుపులో జరుగుతుంది. బిడ్డ తన థైరాయిడ్ తాను నడుపుకునే దశకు వచ్చేదాకా మెదడు ఎదుగుదల తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది. తల్లికి అయోడిన్ బాగా తక్కువైతే బిడ్డకు చెవుడు, బుద్ధిమాంద్యం రావచ్చు. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు, గర్భిణికి 250 కావాలి. ఉప్పు జాడీకి మూత పెట్టి తడి తగలకుండా ఉంచడం కూడా గర్భిణి సంరక్షణలో భాగమే.

మాత్ర వేసుకుని కాఫీ తాగితే

ఇనుము మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ, టీ తాగితే అందులోని పదార్థాలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. కాల్షియం మాత్ర కూడా అంతే, రెండింటినీ వేర్వేరు వేళల్లో వేసుకోవాలి. నిమ్మరసం, ఉసిరి, జామ తోడైతే ఇనుము బాగా పడుతుంది. విరేచనం నల్లగా అవడం మామూలే. ఈ నాలుగు ముక్కలు చెప్పకుండా మాత్రల అట్ట చేతిలో పెట్టి పంపితే, నల్లటి విరేచనం చూసి భయపడి ఆ అట్టను అటక మీద పడేసే తల్లిది తప్పంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది.

గుర్రపువాతం, రైతు దుకాణంలోని ఉప్పు

నెలలు నిండుతున్న మనిషికి ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు వాయడం, పొట్ట పైభాగంలో నొప్పి. ఆ తర్వాత మూర్ఛ. పల్లెల్లో దీన్ని గుర్రపువాతం అంటారు. దెయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి ప్రాణం పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. నిజానికి ఇది చెప్పకుండా వచ్చే జబ్బు కాదు. సాధారణంగా అయిదో నెల దాటాక బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. చేతికి పట్టీ కట్టి బీపీ చూడటం, మూత్రంలో చిన్న కాగితపు పట్టీ ముంచడం, ఈ రెండిటితో ముందే పట్టుకోవచ్చు. చాలామందికి బీపీ పెరిగినా ఏ బాధా తెలియదు. ‘నాకేం బాగానే ఉన్నాను’ అనుకునే గర్భిణి కూడా చూపించుకోవాల్సింది అందుకే.

మూర్ఛ రాకుండా ఆపే మందు మెగ్నీషియం సల్ఫేట్. మిరప, నిమ్మ తోటలకు ఆకు పచ్చబారడానికి రైతులు వాడే లవణమే. ఆసుపత్రిలో వాడేది శుద్ధి చేసిన ఇంజెక్షను, కొలిచి ఇస్తూ రోగిని కనిపెట్టుకుని ఉండాలి. 33 దేశాల్లో దాదాపు 10,000 మంది గర్భిణులతో జరిగిన పరీక్ష ఫలితం 2002లో వచ్చింది. ఈ మందు మూర్ఛ ముప్పును సగానికి పైగా తగ్గించింది. ఖరీదైన కొత్త మందు ఏదీ ఇంత పని చేయలేదు.

వరండాలో తల్లులు చెప్పుకున్న మాట

సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి వైద్యుడి దగ్గరికి 1941లో పుట్టుకతోనే శుక్లాలున్న పసిపిల్లలు ఒకరి వెంట ఒకరు రావడం మొదలైంది. బయట కూర్చున్న తల్లులు తమలో తాము మాట్లాడుకుంటున్నారు. కడుపుతో ఉన్నప్పుడు నాకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని ఒకరంటే, నాకూ వచ్చాయని మరొకరు. ఆ మాట గ్రెగ్ చెవిన పడింది. రుబెల్లా అనే తేలికపాటి జ్వరం గర్భిణికి మొదటి నెలల్లో వస్తే బిడ్డ కళ్లను, గుండెను, చెవులను దెబ్బతీస్తుందని లోకానికి అలా తెలిసింది. వైద్యుడు తల్లులకు చెప్పడాన్నే మనం ఆరోగ్య విద్య అంటాం. తల్లులు చెప్పింది వైద్యుడు వినడం అంతకన్నా తక్కువదేమీ కాదు. మన దేశంలో 2017 నుంచి పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా కలిపి వేస్తున్నారు. గర్భం వచ్చాక ఈ టీకా వేయకూడదు. ఇదీ ముందే జరగాల్సిన పనే.

ఎక్కువ తింటే కాన్పు కష్టమా?

బిడ్డ పెద్దదైపోతుందన్న భయంతో నెలలు నిండేకొద్దీ తిండి తగ్గించే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. పుణె దగ్గర ఆరు పల్లెల్లో 1993 నుంచి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం గర్భిణులను, వాళ్ల పిల్లలను వెన్నంటి చూస్తోంది. అక్కడ పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలే. ఇంగ్లండు పిల్లలతో పోలిస్తే కండ, పొట్టలోని అవయవాలు చిన్నవి. ఒంట్లో కొవ్వు మాత్రం దాదాపు వాళ్లంత ఉంది. బక్కగా కనిపించే ఆ పసిగుడ్డులోనే పెద్దయ్యాక రాబోయే మధుమేహానికి పునాది పడుతోందని యాజ్ఞిక్ వాదన. అదే పల్లెల్లో ఆకుకూరలు, పాలు, పండ్లు తరచుగా తిన్న తల్లుల పిల్లలు పెద్దగా పుట్టారు. గోంగూర, తోటకూర, మునగాకు ఉన్న పెరడు గల ఊళ్లో ఇది అందని వైద్యమేమీ కాదు.

తిండితో పాటు విశ్రాంతి. 19వ శతాబ్దం చివర పారిస్‌లో అడాల్ఫ్ పినార్ అనే ప్రసూతి వైద్యుడు పేద గర్భిణుల పిల్లల్ని తూచాడు. చివరి వారాల్లో పని మాని ఆశ్రయ గృహాల్లో విశ్రాంతి తీసుకున్నవాళ్ల పిల్లలు, కాన్పు రోజు దాకా పనిచేసినవాళ్ల పిల్లలకన్నా బరువుగా పుట్టారు. మిరప కోతకు, వరి నాటుకు తొమ్మిదో నెలలోనూ వెళ్లే కూలీకి ‘విశ్రాంతి తీసుకో అమ్మా’ అని సలహా ఇస్తే సరిపోదు, ఆ రోజు కూలి ఎవరిస్తారో కూడా చెప్పాలి. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికి 6,000 రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలని చెప్పింది. 2017 నుంచి అమలైన మాతృ వందన పథకంలో తొలి బిడ్డకు ఇచ్చింది 5,000. సలహాకు బలం ఇచ్చేది ఆ డబ్బే కాబట్టి, అది కాన్పు అయ్యాక కాక నెలలు నిండకముందే చేతికందాలి.

గొర్రెపిల్ల ఊపిరి

న్యూజిలాండ్ వైద్యుడు గ్రాహమ్ లిగిన్స్ నెలలు నిండని గొర్రె పిండాలకు స్టెరాయిడ్ ఇచ్చి చూస్తుండగా, అంత ముందుగా పుట్టి బతకకూడని ఒక పిల్ల ఊపిరి తీసుకుంటూ కనిపించింది. మందు దాని ఊపిరితిత్తులను ముందే సిద్ధం చేసింది. రాస్ హౌయీతో కలిసి 1972లో మనుషుల్లో నిరూపించారు. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉంటే తల్లికి ఇచ్చే ఆ ఇంజెక్షను బిడ్డ ప్రాణం కాపాడుతుంది. అయినా ఆసుపత్రులు దాన్ని మామూలుగా వాడటానికి మరో 20 ఏళ్లకు పైగా పట్టింది. ఈ ఆలస్యానికి ఎంతమంది పసివాళ్లు బలయ్యారో తలుచుకుంటే బాధేస్తుంది.

తల్లి రక్తం నెగటివ్, బిడ్డ రక్తం పాజిటివ్ అయితే మలి కాన్పుల్లో బిడ్డకు ప్రమాదం. 1968 నుంచి దానికి యాంటీ-డి ఇంజెక్షను ఉంది. అది మనుషుల రక్తం నుంచే వస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ హారిసన్ దానికోసం జీవితంలో 1,100 సార్లకు పైగా ప్లాస్మా దానం చేసి, 2025లో కన్నుమూశారు. తొలి పరీక్షలోనే రక్తం గ్రూపు తెలుసుకోవడం వెనుక ఇంత కథ ఉంది.

కూర్చుని మాట్లాడుకున్నందుకే

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచిన సంగతి. నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో ఒక పరీక్ష చేశారు. ప్రతి చోటా వైద్యం తెలియని స్థానిక మహిళ ఒకామె నెలకోసారి ఆడవాళ్లను కూర్చోబెట్టేది. బొమ్మల కార్డులు ముందేసుకుని, మన ఊళ్లో పురిట్లో ఎవరు పోయారు, ఎందుకు పోయారు, ఏం చేస్తే బతికేవాళ్లు అని మాట్లాడించేది. ఏం చేయాలో వాళ్లే తేల్చుకున్నారు. కొందరు అత్యవసరానికి నిధి పోగేసుకున్నారు. కొందరు శుభ్రమైన కాన్పు సామాను తయారుచేసుకున్నారు. 2004లో ఫలితం ప్రచురించారు. ఆ సమావేశాలున్న చోట నెలలోపు శిశువుల మరణాలు 30 శాతం తగ్గాయి.

నేపాల్ కొండల్లో జరిగింది ఇక్కడెందుకు జరుగుతుంది అనుకునేవారికి ఏక్‌జుట్ సంస్థ జార్ఖండ్, ఒడిశా గిరిజన గ్రామాల్లో జవాబు చెప్పింది. 2010లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మూడేళ్లలో పసికందుల మరణాలు 32 శాతం తగ్గాయి. చివరి రెండేళ్లు మాత్రమే తీసుకుంటే 45 శాతం. ఇలాంటి ఏడు పరీక్షలను 2013లో కలిపి చూస్తే ఒక కీలకం బయటపడింది. ఊళ్లోని గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది సమావేశాలకు వచ్చిన చోట్ల తల్లుల మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. నలుగురు వచ్చి వెళ్లిన చోట ఆ ప్రభావం లేదు.

తెలుగు పల్లెల్లో కొత్తగా సమావేశం పెట్టే అవసరమే లేదు. డ్వాక్రా రోజుల నుంచి పొదుపు సంఘం ప్రతి ఊళ్లో ఉంది, వాయిదా కట్టడానికి ఎలాగూ కూర్చుంటారు. ఆ కూర్చున్నప్పుడు ఒక అరగంట ఈ మాటలకు ఇవ్వడం కన్నా చవకైన వైద్యం నాకు కనబడటం లేదు. గర్భిణి ఆ సంఘంలో ఉండకపోవచ్చు. ఆమె అత్తగారు ఉంటుంది. ఇంట్లో నిర్ణయం చాలాసార్లు ఆమెదే.

ఉత్తరప్రదేశ్‌లోని శివగఢ్‌లో మాట్లాడిన విషయం ఇంకా చిన్నది. పుట్టిన బిడ్డను వెంటనే కడిగి నేల మీద పడుకోబెట్టకుండా తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచండి, బొడ్డు శుభ్రంగా ఉంచండి, పాలు త్వరగా పట్టించండి. ఇళ్లకు వెళ్లి చెప్పినది ఇదే. 2008లో ప్రచురించిన ఆ పరీక్షలో పసికందుల మరణాలు 54 శాతం తగ్గాయి.

తెలుగు నేలను ఆనుకునే ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి బాలింతల ఇళ్లకు పంపారు. ఊపిరి లెక్కపెట్టడం, బిడ్డను తూచడం, జబ్బు గుర్తు పట్టడం, అవసరమైతే మందు ఇవ్వడం వాళ్లే నేర్చుకున్నారు. 1999లో వెలువడిన ఫలితం, పసికందుల మరణాల్లో 62 శాతం తగ్గుదల. మన ఆశా కార్యకర్త కాన్పయ్యాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావడం వెనుక ఉన్న మూలం ఆ పని. ఆ రోజు ఆమె వస్తే గుమ్మంలోనుంచి ‘బాగానే ఉన్నాం’ అని పంపేయకండి. బిడ్డను చూపించండి.

ముర్రుపాలు

చిక్కగా, పసుపుగా వచ్చే తొలిపాలు బిడ్డకు అరగవని పిండి పారబోసి తేనె, పంచదార నీళ్లు నాకించే ఇళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. ఆ కొద్ది చెంచాల పాలలో రోగాన్ని ఎదిరించే పదార్థాలు నిండుగా ఉంటాయి. పుట్టిన గంటలోపు రొమ్ము పట్టించాలి. సిజేరియన్ అయినా సరే, తల్లి పక్కన ఒకరు పట్టుకుంటే చాలు. బొడ్డుతాడును కూడా పుట్టిన వెంటనే కోయకుండా కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ నిమిషంలో మాయ నుంచి చేరే రక్తం బిడ్డకు కొన్ని నెలల ఇనుము.

పుట్టింటికి వెళ్లే కార్డు

జపాన్‌లో 1942లో గర్భిణులకు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. యుద్ధం రోజుల్లో అది చూపిస్తే అదనపు రేషను దొరికేది. 1948లో అది తల్లీబిడ్డల చేతిపుస్తకమైంది. పరీక్షలు, టీకాలు, బరువులు అన్నీ అందులోనే, పుస్తకం మాత్రం ఆసుపత్రిలో కాక తల్లి దగ్గరే. ఇప్పుడు ఎన్నో దేశాలు ఆ పద్ధతి పాటిస్తున్నాయి. మన తల్లీబిడ్డల రక్షణ కార్డు కూడా తల్లి దగ్గరే ఉంటుంది. మన దగ్గర అది ఇంకా ముఖ్యం. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. ఏడు నెలలు చూసిన డాక్టరు ఒక ఊళ్లో, కాన్పు చేసే డాక్టరు మరో ఊళ్లో. మధ్యలో ఆమె బీపీ ఎంత, రక్తం ఎంత, గ్రూపు ఏమిటి చెప్పేది ఆ అట్ట ఒక్కటే. శ్రీమంతం చీరలు సర్దేటప్పుడు పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టాల్సింది అదే.

సాలూరు వసతి గృహం

హైదరాబాద్ నిలోఫర్ ఆసుపత్రికి ఆ పేరు ఏడో నిజాం కోడలిది. 1949లో ఆమె పరిచారిక పురిట్లో సరైన వైద్యం అందక చనిపోయిందని, ఆ దుఃఖంలోనుంచే ఆసుపత్రి ఆలోచన వచ్చిందని చెబుతారు. 1953లో అది తెరుచుకుంది. కానీ ఆసుపత్రి ఉంటే చాలదు, అక్కడికి వేళకు చేరాలి.

తల్లి ప్రాణం మూడు ఆలస్యాల్లో పోతుందని 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ వివరించారు. ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 రెండో ఆలస్యాన్ని కోసేసింది. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బతికి పుట్టిన ప్రతి లక్ష మంది శిశువులకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43.

అంబులెన్సు వెళ్లలేని కొండ ఊళ్లు మిగిలాయి. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి మోసుకెళుతున్న ఫొటోలు వానాకాలంలో పేపర్లలో ఇప్పటికీ వస్తుంటాయి. సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం వసతి గృహం నడిపారు. నెలలు నిండేముందే కిందికి దిగి వచ్చి అక్కడుండేవారు. భోజనం పెట్టేవారు, పరీక్షలు చేసేవారు, నొప్పులు మొదలైతే ఆసుపత్రి దగ్గరే. అలాంటి ఇల్లు ప్రతి ఏజెన్సీ మండలంలోనూ ఉండాలి. పెద్ద పిల్లల్ని వెంట తెచ్చుకోనివ్వాలి. ఇంటి దగ్గర వాళ్లను చూసేవారు లేకే చాలామంది తల్లులు చివరిదాకా కొండ దిగరు.